స్టార్లు ఎవరికిస్తున్నామక్కా?

ఓపీ కౌంటర్
సర్కారు దవాఖాన ఓపీ కౌంటర్లో 31 ఏళ్ళు చీటీలు రాసి రిటైరైన ‘కౌంటర్ అక్క’ పాఠకుల ప్రశ్నలకు ఇచ్చే జవాబులు

ఈ నెల ఉత్తరాలు చూస్తే అందరూ మాట్లాడుకుని రాసినట్టున్నాయి. ఫోన్‌లో డాక్టరు, ఫోన్‌లో టోకెను, ఫోన్‌లో రిపోర్టు. అన్నీ అయ్యాక ఆ ఫోనే అడుగుతుంది, ‘మా సేవ మీకు నచ్చిందా?’ అని. కిటికీ వెనక కూర్చున్న 31 ఏళ్ళలో నేను ఒక్కరినీ ఆ మాట అడిగిన పాపాన పోలేదు. అడగకుండానే చెప్పేవాళ్ళు. కొందరైతే మా ఏడు తరాలను కూడా కలుపుకుని చెప్పేవాళ్ళు.

ప్రశ్న: అక్కా, మా అత్తమ్మకు 68 ఏళ్ళు. షుగరు, బీపీ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేరు. పోయిన నెల ఫోన్‌లోనే సర్కారు డాక్టరుకు చూపించాను. డాక్టరమ్మ ఓపిగ్గా మాట్లాడింది, చీటీ ఫోన్‌కే వచ్చింది. చివర్లో స్టార్లు అడిగితే అయిదూ నొక్కాను. తర్వాత ఆ చీటీతో మూడు మందుల షాపులు తిరిగాను. ఒక గోళీ ఎక్కడా లేదు. ఒక షాపతనైతే ఫోన్‌లో చీటీ చెల్లదు, కాగితం తెమ్మన్నాడు. అయిదు స్టార్లు ఇచ్చి తప్పు చేశానా?
— గృహిణి, మలక్‌పేట

తప్పేం కాదమ్మా, మొహమాటం. డాక్టరమ్మ మొహం ఇంకా కళ్ళ ముందు ఉండగానే అడిగితే ఎవరైనా అయిదే నొక్కుతారు. భోజనానికి పిలిచినావిడ విస్తరి ముందు నిలబడి ‘పప్పు ఎట్లుంది?’ అంటే ఉప్పు తక్కువైందని అనగలమా? మీరు ఆమె మాటతీరుకు అయిదిచ్చారు, అది ఆమెకు దక్కాల్సిందే. మందు దొరికిందా లేదా అన్నది ఆ స్టార్లలో లేదు. అప్పటికి మీరు షాపు గడపే తొక్కలేదు కదా. కాల్ కట్ కాగానే పని అయిపోయిందని ఫోన్ అనుకుంటుంది. మనకు మందు కడుపులో పడితే గానీ అయిపోయినట్టు కాదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. అంబర్‌పేటలో ఉండే మా పెద్దక్కకు నేనే దగ్గరుండి ఇట్లా వీడియోలో చూపించాను. ఎవరి సేవ అన్నది వదిలేయండి. ఫోన్‌ను ఆవకాయ జాడీకి ఆనించి నిలబెట్టాం. డాక్టరు కనిపించగానే అక్క కొంగు సర్దుకుని, ‘అన్నం తిన్నవా బిడ్డా?’ అని అడిగింది. ఆ అమ్మాయి నవ్వి, ఇంకా లేదాంటీ అంది. మా అక్కకు సగం జబ్బు అక్కడే తగ్గిపోయింది. అయిదు నిమిషాల్లో బీపీ గోళీ మార్చి చీటీ పంపింది. స్టార్లు ఎన్నియ్యాలక్కా అంటే, ‘అయిదేనా, ఇంకా ఎక్కువ లేవా?’ అంది.

మూడు వారాల తర్వాత పోయి చూస్తే కొత్త గోళీల అట్ట దిండు కింద చెక్కు చెదరకుండా ఉంది. పాత గోళీలే వేసుకుంటోంది. ఇదేందక్కా అంటే ఫోన్ తీసి చీటీ చూపించింది. మందు పేరు పక్కన 1-0-1 అని ఉంది. ‘నాకు జ్వరమే లేదు కదనే, నూటొకటి అని రాసిందేంది? వేరేవాళ్ళ చీటీ నాకొచ్చినట్టుంది’ అంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని దాని అర్థం. ఇన్నేళ్ళు చీటీలతోనే బతికినదాన్ని, ఆ రోజు పక్కనే కూర్చున్నదాన్ని, నాకూ తోచలేదు అది విడమరిచి చెప్పాలని. దవాఖానలో అయితే మందులిచ్చే కిటికీ దగ్గర ఫార్మసిస్టు అట్ట మీద పెన్నుతో రెండు గీతలు గీసి, ‘పొద్దున, రాత్రి, తిన్నాక’ అని గట్టిగా అరిచి చెప్పేవాడు. ఫోన్‌లో ఆ కిటికీ లేదు. ఆ కిటికీ పని ఇప్పుడు ఇంట్లోవాళ్ళ మీద పడింది, పడిందని మనకెవరూ చెప్పలేదు.

ఇక మీ సంగతి. కాగితం తెమ్మన్న షాపతనికి ఒక మాట చెప్పండి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్, అంటే ఫోన్‌లో వైద్యం, మార్గదర్శకాల ప్రకారం డాక్టరు తన సంతకంతో ఉన్న చీటీని ఫొటోగా గానీ, స్కాన్ చేసి గానీ, డిజిటల్ చీటీగా గానీ ఫోన్‌కు పంపవచ్చు. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు దాని మీద ఉన్నాయో లేదో ముందు మీరు చూసుకోండి. అప్పటికీ వినకపోతే పక్క జిరాక్స్ షాపులో ప్రింటు తీయించండి. వాదన కంటే అదే చవక. షుగరు, బీపీ గోళీలకైతే షాపు కంటే ముందు మీ వాడలో ఉండే చిన్న సర్కారు ఆసుపత్రిలో, అదే బస్తీ దవాఖానలో అడగండి, మామూలు రకాలు అక్కడ ఉచితంగానే ఇస్తారు. ఈసారి కాల్ పెట్టేసే లోపల, ఈ మందు దొరక్కపోతే బదులు ఏది వాడాలో, ఏ పూట ఎన్ని వేసుకోవాలో డాక్టరుతో తెలుగులో చెప్పించుకోండి. మందు కొన్నాక అట్ట మీదే రాసిపెట్టండి. ఇచ్చిన స్టార్లు వెనక్కి తీసుకోనక్కర్లేదు. స్టార్ల కింద రాయడానికి చోటుంటే మాత్రం ఈసారి అది ఖాళీగా వదలకండి.

ప్రశ్న: మేడమ్, నేను ఒకే ఒక్క స్టారు ఇచ్చాను, అదీ సున్నా పెట్టే వీలు లేక. పదేళ్ళుగా వాడుతున్న నిద్రమాత్ర అయిపోయింది. ఫోన్‌లో డాక్టరును అడిగితే రాయనన్నాడు. పాత చీటీ చూపించినా వినలేదు. పారాసిటమాల్ రాయడానికైతే డాక్టరెందుకు?
— రిటైర్డ్ కండక్టర్, ఉప్పల్

అన్నా, కోపం తెచ్చుకోవద్దు. ఈ నెల ఉత్తరాల్లో కనిపించిన డాక్టర్లలో అందరికంటే పద్ధతిగా నడుచుకున్నాయనకే మీరు ఒక్క స్టారు ఇచ్చారు. టికెట్ లేకుండా ఎక్కనివ్వలేదని ఎవరైనా మీ మీద కంప్లైంట్ రాస్తే మీకెలా ఉండేదో ఒకసారి తలచుకోండి.

పైన చెప్పిన మార్గదర్శకాల్లోనే మందులను వరసలుగా విడగొట్టారు. పారాసిటమాల్, ఓఆర్ఎస్ లాంటివి ఫోన్ మాట మీదైనా చెప్పొచ్చు. కొన్ని మందులు వీడియోలో మనిషిని చూశాకే రాయాలి. ఇంకొన్ని అంతకుముందు నేరుగా చూసిన జబ్బుకే, తర్వాతి విడతగా రాయాలి. మత్తు కలిగించే మందుల చట్టం కిందికి వచ్చేవాటిని మాత్రం ఫోన్ మీద రాయనే కూడదన్నారు. ఆల్ప్రాజోలం ఆ చట్టం జాబితాలోదే. మీరు మీ మాత్ర పేరు రాయలేదు గానీ నిద్రమాత్రల్లో చాలా వాటిది ఆ దారే.

అయితే పదేళ్ళు వాడినదాన్ని ఒక్కసారిగా మానేయడమూ మంచిది కాదు, అది ప్రమాదం. పాత చీటీలన్నీ పట్టుకుని ఏ పెద్ద దవాఖానకైనా, ఎర్రగడ్డ మానసిక వైద్యాలయానికైనా సరే, రేపో ఎల్లుండో నేరుగా వెళ్ళండి. ఎర్రగడ్డ అనగానే మొహం అట్లా పెట్టకండి, నిద్రకు మందు రాసేది వాళ్ళే. ఈ లోపల రాత్రిళ్ళు మనసు మనసులో లేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు దాన్ని, 2022 అక్టోబరు 10న మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మాత్ర రాయించుకోవడానికి కాదు, మాట్లాడటానికి.

నా రోజుల్లోనూ అడిగినవన్నీ రాసే డాక్టరు గది ముందే లైను పొడుగ్గా ఉండేది. అడగకుండానే సూది కూడా వేసేవాడైతే లైను మెట్ల దాకా పోయేది.

ప్రశ్న: అక్కా, ఇండ్లల్లో పని చేస్తాను. దవాఖాన గోడ మీద ఉన్న బొమ్మను ఫోన్‌తో తీస్తే లైన్ లేకుండా చీటీ వస్తదంట. దానికి ఆభా కావాలన్నరు. నా ఆధార్‌కు ఉన్న నంబరు సిమ్ము ఎప్పుడో పోయింది. ఓటీపీ ఎవరికి పోతున్నదో తెల్వదు. నెట్ సెంటరాయన ‘ఆభా లేకుంటే ఆరోగ్యశ్రీ బంద్ అయితది’ అని 200 తీసుకున్నడు. పని మాత్రం కాలేదు.
— బోరబండ

ముందు పోయి ఆ 200 వెనక్కి అడుగు చెల్లె. ఆభా చేయించుకోవడానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఇష్టమైతేనే చేయించుకోవాలి, బలవంతం లేదు. అది లేదని వైద్యం ఆపడానికి లేదు.

ఆయన రెండు వేరు వేరు సంగతులు కలిపేశాడు. ఆభా అంటే 14 అంకెల నంబరు. 2021 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తారు. నీ చీటీలు, రిపోర్టులు ఒక చోట దొరకడానికి ఉపయోగపడుతుంది. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉన్న పథకం, ఆపరేషన్ల ఖర్చు కట్టేది. మన తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని హద్దు 10 లక్షలు. ఆభా రిపోర్టులు పెట్టుకునే సంచి అయితే, ఆరోగ్యశ్రీ బిల్లు కట్టే చెయ్యి. సంచి లేదని చెయ్యి వెనక్కి తీసుకోరు. అనుమానం ఉంటే 104కు ఫోన్ చేసి అడుగు.

సిమ్ము సంగతి మాత్రం వదలకు. ఆధార్ సెంటరుకు నువ్వే పోయి, వేలిముద్ర వేసి కొత్త నంబరు ఎక్కించుకో. ఎక్కడుందో తెలియకపోతే 1947కు ఫోన్ చేస్తే చెబుతారు. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం, గుర్తుంచుకోవడం సులువు. ఆభాకే కాదు, గ్యాసుకూ బ్యాంకుకూ కూడా నీ ఓటీపీ ఎవరి ఫోన్లోనో మోగడం మంచిది కాదు.

గోడ మీద బొమ్మ గురించి. దాన్ని స్కాన్ అండ్ షేర్ అంటారు. 2022 అక్టోబరులో ఢిల్లీలో మొదలైంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే నీ పేరు, వయసు, అడ్రసు కౌంటర్ కంప్యూటర్లోకి పోతాయి, నీకు టోకెన్ నంబరు వస్తుంది. పేరు చెప్పి, స్పెల్లింగ్ చెప్పి, మళ్ళీ చెప్పే పని తప్పుతుంది. మా కౌంటర్లో సగం టైము దానికే పోయేది. కానీ అది చీటీ లైనుకే. డాక్టరు గది ముందున్న లైనులో నువ్వు నిలబడాల్సిందే, దానికి ఏ బొమ్మా లేదు.

నీ ఉత్తరం చదివాక ఒకటి అనిపించింది. మలక్‌పేటామెను స్టార్లు అడిగారు, ఉప్పలాయనను అడిగారు. నిన్ను ఎవరూ అడగలేదు. ఓటీపీ దగ్గర ఆగిపోయినవాళ్ళకు ఆ స్టార్ల తెరే రాదు. కరోనా టీకాల రోజులు గుర్తున్నాయా? 2021 ఏప్రిల్ 28న 18 ఏళ్ళు దాటినవాళ్ళకు టీకాల వెబ్‌సైటు కొవిన్‌లో పేర్లు రాసుకోవడం మొదలైంది. తెలుగు జూన్‌లో గానీ రాలేదు. ఒక ఫోన్ నంబరు మీద నలుగురికే వీలు. సాయంత్రం పూట మా గేటు దగ్గర బెంచీ మీద నేను కూర్చుంటే చుట్టుపక్కలవాళ్ళు ఆధార్ కార్డులు పట్టుకుని వచ్చేవాళ్ళు. నా నంబరు రెండో రోజుకే నిండిపోయింది. మా అబ్బాయి నంబరు, కోడలి నంబరు, పైవాటాలో ఉండే సారు నంబరు. సారు ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఓటీపీ చెప్పేవాడు, ఆయన చెప్పేలోపల టైము అయిపోయేది, మళ్ళీ కొట్టేవాళ్ళం. అట్లా టీకా వేయించుకున్నవాళ్ళందరూ లెక్కలో ‘ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్నవారు’. వాళ్ళలో ఫోన్ ముట్టుకున్నవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు.

ప్రశ్న: నమస్తే అక్కా. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చివరి సంవత్సరం. ప్రభుత్వ ఆన్‌లైన్ ఆరోగ్య సేవల మీద వాడేవాళ్ళు ఎంత సంతృప్తిగా ఉన్నారో ప్రాజెక్టు చేస్తున్నాను. దవాఖాన బయట నిలబడి ఫారాలు నింపిస్తున్నాను. ఎవరిని అడిగినా ‘చాలా బాగుంది’ అంటున్నారు. మా గైడ్ సారు ఇది నమ్మేలా లేదు, మళ్ళీ చేయమన్నారు. ఏం అడగాలి?
— విద్యార్థిని, విద్యానగర్

మీ సారు మంచివాడు బిడ్డా, టీ ఇప్పించు ఆయనకు.

నువ్వెక్కడ నిలబడుతున్నావు? గేటు దగ్గర. మెళ్ళో ఐడీ కార్డు, చేతిలో ప్యాడు, పెన్ను. వచ్చేవాళ్ళ కళ్ళకు నువ్వు దవాఖాన మనిషివే. వచ్చే వారం మళ్ళీ ఇక్కడికే రావాలి, ఈ అమ్మాయి లోపల చెబితే ఎట్లా అన్న భయం కొంత. చదువుకునే పిల్ల, ఎండలో నిలబడింది, బాగుందని అంటే దాని పని అయిపోతుందన్న జాలి కొంత. మీ పుస్తకాల్లో దీనికి పెద్ద పేరేదో ఉండే ఉంటుంది. మనం మొహమాటం అంటాం.

అందుకే అక్కడ నంబరు మాత్రం రాసుకో, అడగడం వారం పది రోజులు ఆగి వాళ్ళింటి దగ్గర అడుగు. ‘సంతృప్తిగా ఉన్నారా?’ అనే మాటే ఎత్తకు. ఆ మాట మన ఇళ్ళల్లో ఎవరూ వాడరు. సత్యనారాయణ వ్రతం అయ్యాక వాడతారేమో. జరిగినవి అడుగు. ఓటీపీ ఎన్నిసార్లు కొట్టాల్సి వచ్చింది? ఫోన్ ఎవరిది, నొక్కింది ఎవరు? నెట్ సెంటరులో ఎంతయింది? రాసిన మందులన్నీ కొన్నారా, ఏవైనా మిగిలిపోయాయా? అదే జబ్బుకు మళ్ళీ నేరుగా పోవాల్సి వచ్చిందా? అట్ట తెచ్చి చూపించమను. నేను మా అక్క దిండు ఎత్తకపోతే ఆమె అయిదు స్టార్ల మనిషే.

నొక్కింది ఎవరన్న ప్రశ్న మాత్రం అస్సలు వదలకు. చాలా ఇళ్ళల్లో జబ్బు అమ్మకు, ఫోన్ కొడుక్కు. స్టార్లు ఇచ్చేది కొడుకు. అతనికి ఆఫీసుకు సెలవు పెట్టే పని తప్పింది, అతను సంతోషంగానే ఉంటాడు. అమ్మ ఏమంటుందో పక్కగదిలోకి పోయి అడగాలి. అడిగితే మొదట ‘వాడు చూసుకుంటడు బిడ్డా, నాకేం తెలుసు’ అంటుంది. కాసేపు కూర్చో. మంచినీళ్ళు అడిగి తాగు. అప్పుడు చెబుతుంది.

యాప్ వాడటం సులువుగా ఉందా అని కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో తయారు చేసిన పది ప్రశ్నల పట్టీ ఒకటి ఉంది, మీ సారుకు తెలిసే ఉంటుంది. ఒక ప్రశ్న మంచిగా, తర్వాతిది చెడ్డగా, అట్లా మార్చి మార్చి ఉంటాయి. అన్నిటికీ కళ్ళు మూసుకుని ‘అవును’ అనేవాళ్ళు దొరికిపోతారని ఆ ఏర్పాటు. బాగా పనికొస్తుంది, కానీ పుస్తకం తెలుగులో తర్జుమా చేసి చదవకు. ‘ఈ వ్యవస్థ అనవసరంగా సంక్లిష్టంగా ఉందని భావిస్తున్నాను’ అంటే మా అక్క నీకు చాయ్ ఇచ్చి పంపేస్తుంది. ‘దీంట్లో అనవసరపు తిప్పలు ఎక్కువ’ అను, అవునో కాదో వెంటనే చెబుతుంది. ముందు మీ ఇంటి పక్కవాళ్ళ మీద ప్రయోగించి చూడు. ఒకటి గుర్తుంచుకో, ఆ పట్టీ కొలిచేది యాప్‌ను. జబ్బు తగ్గిందా అన్నదానితో దానికి సంబంధం లేదు.

ఇక పోలిక. మనిషి దేంతో పోల్చుకుంటున్నాడో తెలియకుండా ‘బాగుంది’ అన్న మాటకు విలువ కట్టలేవు. తెల్లారుజామున నాలుగింటికి కౌంటర్ ముందు మనుషుల కంటే ముందు చెప్పులు నిలబడేవి మా దగ్గర. చెప్పులు, ఇటుకలు, ఒక్కోసారి అన్నం డబ్బా. వాటి ఓనర్లు చెట్టు కింద పడుకునేవాళ్ళు. ఆ లైను చూసినవాళ్ళకు ఫోన్‌లో టోకెన్ వస్తే ఎంత వంకర సేవైనా బాగుంటుంది. అదే లైను చూడని పాతికేళ్ళ పిల్లాడు ఇంటికి బిర్యానీ వచ్చే స్పీడుతో పోలుస్తాడు, రెండు నిమిషాలు తిరిగితే చాలు, ఒక్క స్టారు. ఇద్దరికీ ఒకే ఫారం ఇస్తే నీ సగటు ఎవరి మాటా కాదు. మీరు ఇంతకుముందు ఎక్కడ చూపించుకునేవారు, ఎట్లా పోయేవారు అన్నది మొదటి ప్రశ్నగా పెట్టుకో.

పెద్ద అంకెలకు బెదరకు. ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడించే సర్కారు సేవ ఈ-సంజీవని 2019 నవంబరులో మొదలైంది. లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్‌లో, ఇంటి నుంచే మాట్లాడే ఏర్పాటు వచ్చింది. 2023 ఫిబ్రవరికల్లా 10 కోట్ల సంప్రదింపులు దాటాయి. చిన్న సంగతి కాదు. అయితే అది మాటల లెక్క. పైగా దాంట్లో రెండు రకాలు కలిసి ఉన్నాయి. ఇంట్లో కూర్చుని చేసే కాల్ ఒకటి. దగ్గరి ఆరోగ్య కేంద్రానికి పోతే అక్కడి సిబ్బంది పక్కన ఉండి పెద్ద డాక్టరుతో మాట్లాడించేది ఇంకోటి. రెండో రకంలో బీపీ చూసే చెయ్యి ఒకటి, ‘నూటొకటి కాదమ్మా, పొద్దున ఒకటి రాత్రి ఒకటి’ అని చెప్పే నోరు ఒకటి గదిలోనే ఉంటాయి. నీ ఫారంలో ఈ రెండూ వేరు చేయకపోతే నువ్వు చేసిన కష్టమంతా వృథా.

మంచి కూడా రాసుకో, లేకపోతే సణుగుడు పురాణం అవుతుంది. బస్తీ దవాఖానలో రక్తం ఇస్తే అది నారాయణగూడ డయాగ్నస్టిక్ హబ్‌కు పోయి, రిపోర్టు సంగతి ఫోన్‌కే వస్తుంది చూడు, 2018లో మొదలైన ఆ ఏర్పాటు నాకు నచ్చింది. ఎందుకో తెలుసా? జబ్బు మనిషి చేయాల్సింది చెయ్యి చాపడం ఒక్కటే. తిరిగేది సీసా, మనిషి కాదు. ప్రైవేటు ల్యాబులో వందలు పోసేవాళ్ళకు ఇది ఎంత ఊరటో వాళ్ళనే అడుగు, మొహమాటం లేకుండా చెబుతారు.

రోగుల అభిప్రాయం అడగడం కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వం 2016లోనే ‘మేరా అస్పతాల్’ పేరుతో ఎసెమ్మెస్ పంపి, ఫోన్ చేసి అడిగే పద్ధతి పెట్టింది. అంతకుముందు గోడకు కంప్లైంట్ డబ్బా ఉండేది. నేను పనిచేసిన చోట ఆ డబ్బా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. రంగులేసేటప్పుడు ఒకసారి పగలగొట్టారు. లోపల రెండు బస్ టికెట్లు, ఒక రూపాయి బిళ్ళ, నేను రాసిన ఓపీ చీటీ ఒకటి, ఒక ఉత్తరం. ఉత్తరం ఫిర్యాదు కాదు. రాత్రంతా తన తండ్రి పక్కన కూర్చున్న వార్డు బాయ్‌కి జీతం పెంచమని ఎవరో రాశారు. ఆ వార్డు బాయ్ అప్పటికే రిటైరై వెళ్ళిపోయాడు.

చివరిగా, వదిలేసినవాళ్ళను వెతుకు. వాళ్ళు దవాఖాన గేటు దగ్గర దొరకరు. నెట్ సెంటరు బెంచీ మీద, మందుల షాపు ముందు దొరుకుతారు. పైన బోరబండ చెల్లె ఉత్తరం ఉంది కదా, అలాంటివాళ్ళు పదిమంది దొరికినా నీ ప్రాజెక్టు నిలబడుతుంది. అయ్యాక ఒక కాపీ నాకు పంపు, స్పైరల్ బైండింగ్ అక్కర్లేదు.

ప్రశ్న: ఈ ఫోన్ల గోల కంటే పొద్దున్నే లైన్లో నిలబడే ఆ రోజులే నయం. ఏమంటారు?
— సీనియర్ సిటిజన్, లాలాగూడ

నయం కాదు సార్. మీరు లైన్లో ముందు ఉండేవారేమో. నేను కిటికీ అవతల నుంచి లైన్ చివర కూడా చూశాను. ఫోన్ వద్దనుకుంటే నేరుగా వెళ్ళండి, కౌంటర్లు మూసేయలేదు. ఎనిమిదిన్నరకల్లా వెళ్ళండి, చెప్పులు పెట్టి టీకి పోకండి.

ప్రశ్న: నేను పుణెలో ఉంటాను. అమ్మానాన్నలు కూకట్‌పల్లిలో. అన్ని అపాయింట్‌మెంట్లూ నేనే ఇక్కడి నుంచి బుక్ చేస్తాను, వీడియోలో నేనూ ఉంటాను. అయినా అమ్మ, ‘నువ్వొచ్చి చూపించినట్టు లేదు’ అంటుంది. టెన్షన్‌గా ఉంది.
— ఒక కూతురు

నువ్వు చేస్తున్నది తక్కువేం కాదు తల్లీ. కానీ ఒకటి చెప్పు, వీడియోలో మాట్లాడేది ఎవరు? నువ్వేనని నా అనుమానం. అమ్మ నోరు తెరిచేలోపల నువ్వు షుగర్ ఎంతుందో చెప్పేస్తావు, డాక్టరు నీకే జవాబు చెబుతాడు. ఈసారి మొదటి రెండు నిమిషాలు నీ మైకు ఆపేసుకో. అమ్మ ఎక్కడెక్కడికో పోతుంది, పక్కింటివాళ్ళ సంగతి చెబుతుంది, అయినా ఆపకు. కాళ్ళ మంటలు ఆ మాటల మధ్యే బయటపడతాయి. ముందురోజు నాన్నతో మందుల అట్టలన్నీ మంచం మీద పరిపించి ఒక ఫొటో తీయించుకో, డాక్టరుకు అది చూపించు. ఏడాదికి ఒకసారన్నా నువ్వు వచ్చినప్పుడు నేరుగా తీసుకుపో. పాదాలు, కళ్ళు ఫోన్‌లో చూసేవి కావు.

మలక్‌పేట అమ్మకు ఒక మాట మిగిలింది. దొరకని ఆ గోళీ పేరేమిటో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూసి రాయండి. నాతో పనిచేసిన ఫార్మసిస్టు ఇప్పుడు మా పక్క వీధిలోనే ఉన్నాడు, అడిగి వచ్చే నెల చెబుతాను. అప్పటిదాకా ఆగకండి, చీటీ పట్టుకుని రేపే బస్తీ దవాఖానకు వెళ్ళండి.